ఖాళీ చెయ్యమన్న మాటకూ, ఖాళీ చేయించే ఉత్తర్వుకూ మధ్య

"వచ్చే నెల ఇల్లు ఖాళీ చెయ్యాలె." కిరాయికి ఉండే కుటుంబానికి ఇంతకంటే భారమైన మాట ఉండదు. బడికి పోయే పిల్లలు, కట్టిన అడ్వాన్సు, చిరునామా మీద ఉన్న రేషన్ కార్డు, గ్యాసు కనెక్షన్ అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరుగుతాయి. ఆ మాట విన్నాక కొందరు మారుమాట్లాడకుండా సామాన్లు సర్దుకుంటారు, కొందరు జగడానికి దిగుతారు. రెండింటి వెనకా ఉన్నది ఒకే అపోహ: ఇల్లు ఆయనది కాబట్టి ఆయన నోటి మాటే ఆజ్ఞ అని. చట్టం అలా చూడదు. ఓనరు నోటితో చెప్పింది ఒక కోరిక మాత్రమే. ఆయన పంపే నోటీసు ఆ కోరికకు తేదీ వేసిన కాగితం. ఇంట్లో ఉన్న మనిషిని ఇష్టం లేకుండా బయటికి పంపే అధికారం కోర్టు ఉత్తర్వుకే ఉంది. కోరికకూ ఉత్తర్వుకూ మధ్య ఉన్న ఆ దూరమే కిరాయిదారుకు దక్కిన రక్షణ. అది ఎంత దూరమన్నది ఆ ఇల్లు ఏ ఊళ్లో ఉందన్న దాన్ని బట్టి, కిరాయి ఎంతన్న దాన్ని బట్టి, చేతిలో ఏ కాగితముందన్న దాన్ని బట్టి మారుతుంది. నిజామాబాద్ జిల్లా వేల్పూర్‌ను పట్టుకుని చూస్తే ఈ తేడా బాగా తెలుస్తుంది.

పసుపు, ఎర్రజొన్న పండే ఆర్మూర్ ప్రాంతంలో వేల్పూర్ ఒక మండల కేంద్రం. ఇలాంటి ఊళ్లలో బదిలీ మీద వచ్చిన టీచర్లు, బ్యాంకు సిబ్బంది కిరాయికి ఉంటారు. బీడీలు చుట్టుకుని బతికే కుటుంబాలుంటాయి. రోడ్డు పక్క మడిగె తీసుకుని కిరాణమో, కుట్టుమిషనో, మెకానిక్ పనో పెట్టుకున్నవాళ్లుంటారు. భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటే పిల్లలతో ఒంటరిగా ఇల్లు నడిపే ఆడవాళ్లుంటారు. ఒప్పందం ఎక్కువగా నోటి మాట మీదే నడుస్తుంది. వేల్పూర్‌లో బస్సెక్కితే అరగంటలోపు ఆర్మూర్ చేరొచ్చు. రెండు చోట్లా ఇళ్లు ఒక తీరువే, ఖాళీ చెయ్యమనే మాటా ఒకటే. ఆర్మూర్ మునిసిపాలిటీ, వేల్పూర్ గ్రామ పంచాయతీ. ఈ ఒక్క తేడాతో కిరాయిదారు నిలబడే చట్టమే మారిపోతుంది.

పట్టణాల్లో కిరాయిదారును కాపాడే చట్టం రెండో ప్రపంచ యుద్ధ కాలపు ఇళ్ల కొరత నుంచి పుట్టిన ఆలోచన. జనం పట్టణాలకు చేరారు, ఇళ్లు చాలలేదు, ఓనర్లు అడిగినంత ఇచ్చేవాళ్లకోసం ఉన్నవాళ్లను వెళ్లగొట్టసాగారు. దానికి అడ్డుకట్టగా కోస్తాలో 1949 నాటి మద్రాసు చట్టం, హైదరాబాద్ రాష్ట్రంలో 1954 నాటి చట్టం ఉండేవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెంటి స్థానంలో 1960లో ఒకే భవనాల కౌలు, అద్దె, ఖాళీ నియంత్రణ చట్టం వచ్చింది. తెలంగాణలో ఇప్పటికీ అదే నడుస్తోంది. దాని ప్రకారం ఓనరు ఊరికే ఖాళీ చెయ్యమనడానికి వీల్లేదు, కారణం చెప్పి రెంట్ కంట్రోలర్ ముందు రుజువు చేయాలి. ఆ కారణాలను చట్టమే పదో సెక్షన్‌లో రాసిపెట్టింది: కిరాయి కట్టకపోవడం, అనుమతి లేకుండా ఇంకొకరికి ఇవ్వడం, ఇల్లని తీసుకుని వేరే పనికి వాడటం, కట్టడాన్ని పాడుచేయడం, ఇరుగుపొరుగును వేధించడం, నాలుగు నెలలు ఏకధాటిగా తాళం వేసి పోవడం, అసలు ఈ ఇల్లు నీది కాదని దురుద్దేశంతో వాదించడం, ఓనరుకు నిజాయితీగా సొంత అవసరం రావడం. "మాకు నచ్చలేదు", "ఇంకొకరు ఎక్కువ ఇస్తామన్నారు" అన్నవి ఆ జాబితాలో లేవు. సొంతానికని తీసుకుని గడువులోగా అందులో దిగకపోతే పాత కిరాయిదారు ఆ ఇంటిని మళ్లీ కోరవచ్చని కూడా చట్టం చెప్పింది. అబద్ధం ఆడి ఖాళీ చేయించే దారిని అంత ముందుగానే ఊహించి మూశారు.

ఇంత మంచి చట్టం నేడు ఎంతమందికి అక్కరకొస్తుందన్నది వేరే లెక్క. మొదటగా ఇది హైదరాబాద్, సికింద్రాబాద్‌లకు, రాష్ట్రంలోని మునిసిపాలిటీలకు వర్తిస్తుంది. ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇస్తే తప్ప పంచాయతీ ఊరికి రాదు. కాబట్టి వేల్పూర్ కిరాయిదారు ఆ గొడుగు కిందికి రాడు. రెండోది, పట్టణంలో ఉన్నా అందరికీ రాదు. 2005 నాటి సవరణ ప్రకారం కట్టి పదిహేనేళ్లు దాటని భవనాలు దీని నుంచి బయటికి పోయాయి. కిరాయి కార్పొరేషన్లలో నెలకు 3,500 రూపాయలు, మిగతా చోట్ల 2,000 రూపాయలు దాటితే కూడా చట్టం వర్తించదు. అంటే నిజామాబాద్ కార్పొరేషన్‌లో 3,500, బోధన్, ఆర్మూర్‌లలో 2,000 గీత. ఇరవై ఏళ్ల కింద ఆ గీత కొంత అర్థవంతంగా ఉండి ఉండొచ్చు. ఇవాళ బోధన్‌లో రెండు గదుల ఇల్లు రెండు వేలకు వెతకడం కష్టం. ధరలు పెరిగాయి, గీత మాత్రం గీసిన చోటనే ఉంది. చట్టాన్ని ఎవరూ రద్దు చేయలేదు, ఎదురుగా ఓటెయ్యలేదు. కిరాయిలు పెరుగుతూ పోతుంటే ఒక్కొక్క కుటుంబమే దాని కింద నుంచి చడీచప్పుడు లేకుండా జారిపోయింది. ఇది శాసనసభ సరిదిద్దవలసిన తప్పు అని నా అభిప్రాయం.

ఆ గొడుగు లేనివాళ్లకు మిగిలేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. నోటి ఒప్పందమైనా, ఇంట్లోకి దిగి నెలనెలా కిరాయి కడుతున్నవాడు దాని ప్రకారం కిరాయిదారే. "కాగితం లేదు కాబట్టి నీకు హక్కే లేదు" అన్న బెదిరింపుకు అర్థం లేదు. నెలవారీ కిరాయిని ఆపాలంటే ఓనరు రాతపూర్వకంగా పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 106వ సెక్షన్ చెబుతుంది. ఒప్పందంలో రెండు నెలలని రాసుకుని ఉంటే రెండు నెలలే. నోటీసులో కారణం చెప్పనక్కర్లేదు, ఇక్కడే పట్టణ చట్టానికీ దీనికీ అసలు తేడా. గడువు రాసుకున్న అగ్రిమెంటు ఉంటే, ఆ గడువు తీరగానే కిరాయి ముగిసినట్టే, వేరే నోటీసు కూడా అక్కర్లేదు. అయితే గడువు తీరాక కూడా ఓనరు కిరాయి తీసుకుంటూ పోతే 116వ సెక్షన్ ప్రకారం ఇంటి కిరాయి నెలవారీగా కొనసాగినట్టు. అప్పుడు మళ్లీ నోటీసు తప్పదు. పదకొండు నెలల అగ్రిమెంటు మూడేళ్ల కింద ముగిసి, ఇంకా అదే ఇంట్లో ఉన్నవాళ్ల పరిస్థితి ఇదే. ఇల్లు అమ్ముడుపోయినా కిరాయి తెగదు. కొన్నవాడు అమ్మినవాడి స్థానంలోకి వస్తాడు, అంతే. ఆయనా ఇదే దారిలో రావాలి.

నోటీసు గడువు తీరింది, కిరాయిదారు కదల్లేదు. ఇప్పుడేమిటి? చాలామంది ఓనర్లూ, కిరాయిదారులూ తప్పుగా అర్థం చేసుకునేది ఇక్కడే. నోటీసు గడువు తీరితే కిరాయి హక్కు ముగుస్తుంది, కానీ స్వాధీనం ముగియదు. ఇల్లు ఇంకా కిరాయిదారు చేతిలోనే ఉంది. దాన్ని ఆయన చేతిలోంచి తీసుకోవాలంటే ఓనరు సివిల్ కోర్టులో దావా వేసి, డిక్రీ పొంది, కోర్టు అమీనా ద్వారా తీసుకోవాలి. తన మనుషులతో వచ్చి తాళం వేసుకోకూడదు. సుప్రీంకోర్టు లల్లూ యశ్వంత్ సింగ్ కేసులో, భూస్వామి కౌలుదారుల దగ్గర్నుంచి బలవంతంగా స్వాధీనం తీసుకోవడం ఈ దేశ చట్టం ఒప్పదని చెప్పింది. 1989 నాటి కృష్ణారామ్ మహాలే కేసు ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ బాధితురాలు కిరాయిదారు కూడా కాదు. ఒక హోటల్ వ్యాపారాన్ని లైసెన్సు మీద నడుపుకుంటున్న మహిళ, ఆ లైసెన్సు గడువూ తీరింది. అయినా నిలకడగా స్వాధీనంలో ఉన్న మనిషిని చట్ట మార్గంలో తప్ప తొలగించరాదని కోర్టు తేల్చింది. బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ క్వార్టర్ల వంటి కంపెనీ ఇళ్ల సంగతి తెలిసినవాళ్లకు ఈ తేడా అర్థమవుతుంది. ఉద్యోగంతో పాటు వచ్చిన ఇంట్లో ఉండేవాళ్లు సాధారణంగా కిరాయిదారులు కారు, లైసెన్సుదారులు. వాళ్ల హక్కు కిరాయిదారు హక్కుకంటే బలహీనం. అంత బలహీనమైన హక్కున్నవాణ్ణి కూడా రౌడీలను పెట్టి వెళ్లగొట్టే వీలు లేనప్పుడు, నెలనెలా కిరాయి కట్టే కుటుంబాన్ని ఎలా వెళ్లగొడతారు?

ఈ నియమం పుస్తకాల్లో మాత్రమే ఉండిపోకుండా 1963 నాటి నిర్దిష్ట ఉపశమన చట్టం ఒక పదునైన దారి చూపింది. దాని ఆరో సెక్షన్ కింద, తన ఇష్టం లేకుండా, చట్ట మార్గం తప్పి స్వాధీనం కోల్పోయిన మనిషి ఆరు నెలల్లోపు దావా వేస్తే కోర్టు తిరిగి ఆ ఇంట్లో ప్రవేశపెట్టాలి. ఆ దావాలో ఇల్లు ఎవరిదన్న ప్రశ్న రాదు. ఎవరి చేతిలో ఉండె, ఎవరు గుంజుకున్నరు అన్నదే చూస్తారు. ఆ తీర్పు మీద అప్పీలు కూడా లేదు. ఓనరు తన హక్కు నిరూపించుకోవాలనుకుంటే వేరే దావా వేసుకోవాల్సిందే. పోలీస్ స్టేషన్‌కు పోతే "ఇది సివిల్ తగాదా" అని పంపేస్తారన్నది జనం అనుభవం. కిరాయి బాకీ ఎంత, నోటీసు చెల్లుతుందా అన్న ప్రశ్నల వరకు ఆ మాట నిజమే. కానీ ఓనరు తలుపు పగలగొట్టి లోపలికి వచ్చి బెదిరిస్తే అది సివిల్ తగాదా కాదు. భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షన్‌లోని అక్రమ ప్రవేశం "ఇంకొకరి ఆస్తి" గురించి కాదు, "ఇంకొకరి స్వాధీనంలో ఉన్న ఆస్తి" గురించి. సొంత ఇల్లే అయినా అది ఇంకొకరి స్వాధీనంలో ఉన్నప్పుడు నేరపు ఉద్దేశంతో చొరబడిన ఓనరు ఆ సెక్షన్ కిందికి రావచ్చు. దారి అడ్డగించడానికి 126వ సెక్షన్, బెదిరింపులకు 351వ సెక్షన్ ఉన్నాయి. ఫిర్యాదు రాసేటప్పుడు "కిరాయి తగాదా" అని కాకుండా ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎవరు వచ్చి ఏం చేశారో రాస్తే ఆ ఫిర్యాదుకు బలం వస్తుంది. నల్లా బంద్ పెట్టడం, కరెంటు ఫ్యూజు తీసేయడం లాంటి పొగబెట్టే పద్ధతులు కూడా ఇంతే. పట్టణ చట్టం వాటిని సూటిగా నిషేధించింది. అది వర్తించని చోట సివిల్ కోర్టు నుంచి ఇంజంక్షన్ అడగవచ్చు.

ఆర్మూర్ ప్రాంతంలో మాత్రం తగాదా కోర్టు మెట్టెక్కే ముందు ఇంకో గడప దగ్గర ఆగుతుంది: గ్రామాభివృద్ధి కమిటీ. గుడికీ, బడికీ, చెరువుకూ డబ్బు కూడబెట్టి ఊళ్లకు నిజంగా మేలు చేసిన కమిటీలు ఇక్కడ ఉన్నాయి. తగాదాలు మాట్లాడి తెంపడమూ తప్పు కాదు. కోర్టులో ఏళ్లు పట్టేది పెద్దమనుషుల ముందు ఒక సాయంత్రంలో తేలితే అందరికీ మంచిదే. కానీ ఈ కమిటీలు ఏ చట్టం కిందా ఏర్పడిన న్యాయస్థానాలు కావు. "పదో తారీఖులోపు ఖాళీ చెయ్యాలె" అని కమిటీ చెబితే అది సలహా, ఉత్తర్వు కాదు. వినకపోతే కిరాణం ఇవ్వొద్దు, పనికి పిలవొద్దు అని వెలివేసిన ఘటనల మీద ఈ జిల్లాలో కేసులు నమోదయ్యాయి. బాధితులు ఎస్సీ, ఎస్టీలైతే సాంఘిక బహిష్కరణే అట్రాసిటీ చట్టం కింద నేరం. ఊరి పెద్దల ముందు ఒప్పుకుంటే ఒప్పుకోండి. అయితే ఏ తేదీకి ఖాళీ చేస్తారో, అడ్వాన్సు ఏ రోజు తిరిగిస్తారో రాయించుకుని సంతకాలు పెట్టించుకోండి. నోటి తీర్పులో ఖాళీ చేసే తేదీ అందరికీ గుర్తుంటుంది, అడ్వాన్సు తేదీ మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ఇంతవరకు చదివిన ఓనరుకు కోపం రావడం సహజం. ఆయన వైపు వాదన బలహీనమైంది కాదు. ఈ జిల్లాలో ఎన్నో ఇళ్లు గల్ఫ్ చెమటతో లేచినవి. పదిహేనేళ్లు ఎండలో పనిచేసి, నెలనెలా పంపిన పైసలతో కట్టుకున్న ఇల్లు. తిరిగొచ్చాక తన గడపలో తానే అడుగు పెట్టలేకపోతే అది ఏ న్యాయం? ఈ ప్రశ్నను దాటవేయకూడదు. చట్టమూ దాటవేయలేదు. పట్టణ చట్టంలో సొంత అవసరం ఒక కారణంగా ఉంది. వేల్పూర్ లాంటి చోట్ల కారణమే అడగరు, నోటీసు సరిగ్గా ఇస్తే చాలు. నోటీసులో చిన్న పొరపాటు పట్టుకుని దావా కొట్టేయించే పాత ఎత్తుగడకు కూడా 2002 చివర అమల్లోకి వచ్చిన సవరణ చెక్ పెట్టింది. నోటీసులో గడువు తక్కువగా రాసినా, దావా పదిహేను రోజులు గడిచాక వేస్తే చాలు. అంటే ఓనరు చివరికి గెలుస్తాడు. చట్టం ఆయన్ని ఆపేది ఆయన చెయ్యి దగ్గర, ఆయన హక్కు దగ్గర కాదు. తిరిగొచ్చే తేదీ తెలిసిన ఓనరు రెండు మూడు నెలల ముందు రాతలో చెబితే చాలా తగాదాలు పుట్టనే పుట్టవు. తాళాలు మార్చి సామాను వీధిలో పెట్టిన ఓనరు తన చేతిలో ఉన్న గెలిచే కేసును తానే పాడుచేసుకుని, ఆరో సెక్షన్ కింద ప్రతివాదిగా నిలబడతాడు.

రెండో అభ్యంతరం కోర్టుల ఆలస్యం. స్టే తెచ్చుకుని పాత కిరాయికే ఏళ్లకేళ్లు కూర్చునే కిరాయిదారులు లేరా అంటే ఉన్నారు. ముఖ్యంగా బజారు మడిగెల్లో ఉన్నారు. ఆ ఆలస్యాన్ని ఎవరైనా సమర్థిస్తే అది తప్పు. సుప్రీంకోర్టు 2004లో ఆత్మారామ్ ప్రాపర్టీస్ కేసులో దీనికి ఒక విరుగుడు చూపింది. ఖాళీ చెయ్యమన్న డిక్రీ మీద అప్పీలుకు పోయి స్టే అడిగే కిరాయిదారు, పాత కిరాయి కాకుండా మార్కెట్‌లో వచ్చేంత సొమ్ము కడుతూ ఉండాలని కోర్టు షరతు పెట్టొచ్చు. కాబట్టి ఊరికే సాగదీస్తే చివరికి అది కిరాయిదారు మెడకే చుట్టుకుంటుంది. నోటీసు చెల్లుబాటులో ఉండి, వాదించడానికి ఏమీ లేనప్పుడు, తేదీ మాట్లాడుకుని పోవడమే మంచిదని నిజాయితీగా చెప్పాలి. పన్నెండేళ్లు ఉంటే ఇల్లు మనదైపోతుందన్న నమ్మకమూ ఇలాంటిదే. కిరాయిదారుగా దిగినవాడు ఓనరు హక్కును ఒప్పుకుని దిగినట్టు. కిరాయి కడుతూ ఎన్నేళ్లున్నా ఆ ఇల్లు ఆయనది కాదు. పన్నెండేళ్ల గడువు కిరాయి ముగిసిన రోజు నుంచి లెక్క. ఈ భయంతోనే పదకొండు నెలల అగ్రిమెంటు పుట్టిందని చాలామంది అనుకుంటారు. అసలు సంగతి అది కాదు. రిజిస్ట్రేషన్ చట్టం మూల నియమం ప్రకారం ఏడాది దాటిన కిరాయి ఒప్పందానికే రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ ఖర్చు తప్పించుకోవడానికే పదకొండు నెలలు. లేని భయంతో మంచి కిరాయిదారును ఏడాదికోసారి మార్చే ఓనర్లు తమకే నష్టం చేసుకుంటున్నారు.

ఈ ప్రాంతానికి ఖాళీ చెయ్యమన్న మాట కొత్తది కాదు. ఇళ్లకంటే ముందు పొలాల్లో వినబడింది. తెలంగాణ సాయుధ పోరాటం నడుస్తున్న రోజుల్లోనే, 1950 జూన్ 10న హైదరాబాద్ కౌలు, వ్యవసాయ భూముల చట్టం అమల్లోకి వచ్చింది. తహసీల్దారు ఉత్తర్వు లేకుండా పట్టాదారు కౌలుదారు నుంచి భూమి స్వాధీనం చేసుకోరాదని ఆ చట్టం 32వ సెక్షన్‌లో రాశారు. ఇక్కడా అదే సూత్రం: భూమి నీదే, కానీ చెయ్యి వెయ్యకు, అధికారి దగ్గరికి రా. ఫసలీ 1342 నుంచి 1352 వరకు గల కాలంలో వరుసగా ఆరేళ్లు దున్నినవాళ్లనూ, చట్టం చెప్పిన మరికొందరినీ రక్షిత కౌలుదారులుగా రిజిస్టరులో ఎక్కించారు. 1973 జనవరి 1 నుంచి తెలంగాణలో అంతకుముందు అమలు కాని ప్రాంతాల్లో కూడా ఆ చట్టం 38-ఇ సెక్షన్ అమలై, వాళ్లలో అర్హులకు యాజమాన్యమే దక్కింది. 1989లో కోటయ్య కేసులో సుప్రీంకోర్టు, భౌతికంగా స్వాధీనం కోల్పోయిన రక్షిత కౌలుదారుకు కూడా ఆ హక్కు వర్తిస్తుందని చెప్పింది. అంటే పొలం నుంచి గెంటివేసినా రిజిస్టరులోని పేరు గెలిచింది. దున్నినా పేరెక్కనివాళ్లు అంత సులువుగా నిరూపించుకోలేకపోయారు. ఈ చరిత్ర నుంచి ఇవాళ్టి పట్టాదారు ఎదురు పాఠం నేర్చుకున్నాడు: రాసిస్తే కౌలుదారుకు హక్కు పుడుతుందని భయం, కాబట్టి ఇప్పుడు ఎవరూ రాసివ్వరు. 2011లో ఏడాదికోసారి ఇచ్చే కౌలు కార్డుల చట్టం వచ్చింది, భూమి మీద హక్కు లేకుండా అప్పు, బీమా కోసం మాత్రమే. అది కూడా తెలంగాణలో ఊపందుకోలేదు. 2018 మే 10న మొదలైన రైతుబంధు పట్టాదారుకే అందింది. జూన్‌లో పసుపు పెట్టి, జనవరి నుంచి మార్చి దాకా తవ్వే రైతుకు మధ్యలో ఖాళీ చెయ్యమంటే పోయేది ఒక్క కౌలే కాదు, భూమిలో ఉన్న ఏడాది పెట్టుబడి.

ఇంటికైనా పొలానికైనా చట్టంలో నాకు కనబడే పెద్ద లోపం ఒకటే: గడువు. 1882లో పదిహేను రోజులు చాలని రాసినవాళ్ల కళ్ల ముందు బడి అడ్మిషన్లు లేవు, ఆధార్ చిరునామా లేదు. జర్మనీలో కిరాయిదారుకు కనీసం మూడు నెలల గడువు ఇవ్వాలి. అయిదేళ్లు దాటి ఉంటే ఆరు నెలలు, ఎనిమిదేళ్లు దాటితే తొమ్మిది నెలలు. ఎంత కాలం ఒకచోట వేళ్లు దిగితే అంత ఎక్కువ సమయం ఇవ్వాలన్న న్యాయం అందులో ఉంది. మన కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న నమూనా అద్దె చట్టాన్ని ఆమోదించింది. దాంట్లో ఇంటికి రెండు నెలలకు మించి అడ్వాన్సు తీసుకోరాదన్న మంచి నియమం ఉంది. గడువు దాటి ఉండే కిరాయిదారు మొదటి రెండు నెలలు రెట్టింపు, ఆ తర్వాత నాలుగింతలు కట్టాలన్న గట్టి నియమమూ ఉంది. కానీ అది నమూనా మాత్రమే, రాష్ట్రం చట్టం చేస్తేనే ప్రాణం వస్తుంది. తెలంగాణ చేసే కొత్త చట్టం ఏదైనా రెండు పనులు చేయాలి. వేల్పూర్ కిరాయిదారునూ ఆర్మూర్ కిరాయిదారునూ ఒకే నేల మీద నిలబెట్టాలి. పదిహేను రోజులను కనీసం మూడు నెలలు చేసి, బడి సంవత్సరం మధ్యలో పిల్లలున్న కుటుంబాన్ని కదిలించకుండా చూడాలి. దానివల్ల ఓనరు హక్కేమీ పోదు, మూడు నెలల ముందు చెప్పాల్సి వస్తుంది, అంతే.

ఆ చట్టం వచ్చేదాకా రక్షణ మీ చేతిలోని రుజువంత దూరమే పోతుంది. కిరాయి ఫోన్‌పే ద్వారానో, బ్యాంకు ద్వారానో కట్టండి. నగదు ఇస్తే చీటీ తీసుకోండి. భర్త గల్ఫ్‌లో ఉంటే అగ్రిమెంటులో భార్య పేరు కూడా రాయించండి, రేపు కోర్టు గుమ్మం ఎక్కాల్సింది ఆమే. ఓనరు కావాలని కిరాయి తీసుకోకపోతే ఆగిపోకండి. తీసుకోలేదన్న మాట కంటే, పంపితే తిప్పి పంపాడన్న రుజువు కోర్టులో నిలుస్తుంది. కిరాయి నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇళ్లకైతే బ్యాంకు పేరు అడగడం, మనీయార్డరు పంపడం, చివరికి రెంట్ కంట్రోలర్ దగ్గర జమచేయడం అనే దారులు చట్టంలోనే ఉన్నాయి. ఓనరు వాట్సాప్‌లో పంపిన మాటలు చెరపకండి. ఇంట్లో దిగిన రోజే గోడలు, కిటికీలు ఫోటో తీసి పెట్టుకుంటే అడ్వాన్సులో కోతల గొడవ సగం తగ్గుతుంది. లాయరు ఖర్చుకు భయపడేవాళ్లు నిజామాబాద్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగవచ్చు. 1987 నాటి చట్టం కింద ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోన్ నంబరు 15100. అక్కడి లోక్ అదాలత్‌లో ఇద్దరూ ఒప్పుకుని తెంపుకున్న తగాదాకు కోర్టు డిక్రీ అంత బలం ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు. నోటీసు అందితే అందిన తేదీ ఆ కవరు మీదనే రాసి దాచండి. తాళం పడితే మాత్రం పెద్దమనుషుల పంచాయితీలో నెలలు గడపకండి, తాళం పడిన రోజు నుంచి మీకున్నది ఆరు నెలలే.